పదకొండు వందల ఏడో కాన్పు

నేను ఉద్యోగం మానేశానని ఇంట్లో చెప్పిన రోజు మా ఆయన స్టెల్లాన్ వంటింటి బల్ల మీద దుప్పి మాంసం కోస్తున్నాడు. కత్తి ఆపలేదు.

"మానేసి?" అన్నాడు.

"గ్రీన్‌లాండ్ వెళ్దాం."

అప్పుడు ఆపాడు.

ఎందుకు మానేశానో ముందు చెప్పాలి. నేను మంత్రసానిని. మా ఊరు హోల్మ్‌ఫోర్స్‌లోని ఆసుపత్రి కాన్పుల వార్డులో పదిహేడేళ్ళు పనిచేశాను. ఏటి ఒడ్డున పసుపు రంగు భవనం, రెండో అంతస్తు, ఐదు మంచాలు. ఊళ్ళో బడికెళ్ళే పిల్లల్లో సగం మందిని ఈ లోకంలో మొదట ఎత్తుకున్నది నేనే. కిందటేడు జనవరిలో పైవాళ్ళు ఆ వార్డు మూసేశారు. ఖర్చు ఎక్కువట. మంచాల్ని లారీ ఎక్కించి తీరంలోని పెద్దాసుపత్రికి పంపారు. మంచాల వెనకే మమ్మల్నీ పంపారు. నూట ముప్పై కిలోమీటర్లు. ఎండాకాలం గంటన్నర ప్రయాణం. చలికాలం ఎంతసేపు పడుతుందో మంచు తోసే బండివాణ్ణి అడగాలి.

ఈ ఫిబ్రవరిలో, నాకు సెలవున్న రోజున, పొద్దున్న పదకొండింటికి ఫోనొచ్చింది. యోన్నా అని, పక్క పల్లె పిల్ల. రెండో కాన్పు. భర్త కారు నడుపుతున్నాడు, నొప్పులు రెండు నిమిషాలకోసారి వస్తున్నాయి. ముందు దుంగల లారీ అడ్డం తిరిగి రోడ్డు మూసుకుపోయింది. అంబులెన్సు తీరం నుంచి రావాలి. నా కారులో ఎప్పుడూ ఉండే సంచీ ఉంది. పద్నాలుగు కిలోమీటర్లు నడిపి వెళ్ళాను. బిడ్డ వెనక సీట్లో పుట్టాడు. నాలుగు కిలోలు. పుట్టీ పుట్టగానే కారు అద్దాలు అదిరేలా ఏడ్చాడు. తల్లీ బిడ్డా క్షేమం. ఆ సాయంత్రం నేను రెండు దాల్చినచెక్క బన్నులు తిని, ఇంకొకటి కూడా తిన్నాను.

రెండు వారాలకి మా వార్డు అధికారి అనెలీ పిలిచింది. బల్ల మీద ఒక కాగితం పెట్టింది. డ్యూటీలో లేనప్పుడు, అనుమతి లేని చోట, ఆసుపత్రి సామాను వాడి కాన్పు చేసినందుకు హెచ్చరిక.

"అంబులెన్సు వచ్చేదాకా ఆగాల్సింది హిల్లెవి," అంది.

"ఎవరు ఆగాలి? నేనా, బిడ్డా?"

"నియమాలు నేను పెట్టినవి కావు."

"తల బయటికొచ్చేసింది అనెలీ. డ్యూటీ చార్టు చూపించి మళ్ళీ లోపలికి పొమ్మనమంటావా?"

అనెలీ చెడ్డది కాదు. ఒకప్పుడు నా పక్కన నిలబడి కాన్పులు చేసిందే. కుర్చీ ఎక్కాక చేతులు మెత్తబడ్డాయి, అంతే. "కింద సంతకం పెట్టు, ఫైల్లో పడేస్తాను, ఎవరూ చూడరు," అంది బతిమాలుతున్నట్టు. నేను కాగితం తిరగేశాను. వెనక వైపు నాలుగు వాక్యాల్లో నా రాజీనామా రాసి, దాని కింద సంతకం పెట్టి ఆమె ముందుకి తోశాను. మూడు నెలల నోటీసు. జూన్ మొదటికి విడుదల.

పాత నేస్తురాలు ఒకామె గ్రీన్‌లాండ్‌లో రెండేళ్ళు పనిచేసి వచ్చింది. ఆమె నంబరిస్తే అక్కడి పడమటి తీరంలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి ఫోన్ చేశాను. పిపాలుక్ అనే ఆవిడ ఎత్తింది. అక్కడి మంత్రసానులకి పెద్ద. ఆవిడ మాట్లాడిన డేనిష్ నాకు బాగానే అర్థమైంది. అసలు డేనిష్ వాళ్ళు మాట్లాడితే నోట్లో వేడి బంగాళదుంప పెట్టుకున్నట్టే ఉంటుంది.

"తుఫానులో హెలికాప్టర్ రాదు. ఒక్కదానివే చెయ్యగలవా?" అంది.

"మా ఊరికి హెలికాప్టర్ మంచి ఎండలో కూడా రాదు," అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. ఉద్యోగం అక్కడే ఖాయమైందనుకున్నాను. నా పని అనుభవం కాగితం ఒకటి మాత్రం కావాలంది. ఏ ఏడు ఎక్కడ పనిచేశానో, ఎన్ని కాన్పులు చేశానో, ఆసుపత్రి ముద్రతో. ఏప్రిల్ ఆఖరి శుక్రవారం లోపల, గ్రీన్‌లాండ్‌కి లైసెన్సులిచ్చే కోపెన్‌హాగెన్ ఆఫీసుకి చేరాలి.

ఇదంతా స్టెల్లాన్‌కి ఆ మాంసం బల్ల దగ్గరే చెప్పాను. స్టెల్లాన్ వడ్రంగి. పాత దుంగల ఇళ్ళు విప్పి, కుళ్ళిన దుంగ తీసి కొత్తది వేసి మళ్ళీ నిలబెడతాడు. మాటకి ముందు అరగంట ఆలోచిస్తాడు.

"అక్కడ చెట్లున్నాయా?" అన్నాడు చివరికి.

"లేవు."

"ఇళ్ళు?"

"అన్నీ చెక్క ఇళ్ళే. కలపంతా ఓడలో వస్తుంది."

"అయితే పాడుచెయ్యకుండా వాడేవాడు కావాలి వాళ్ళకి," అన్నాడు. అదే ఆయన ఒప్పుకోలు.

ఆయనతో వేటకెళ్ళే జట్టు ఊరుకుంటుందా? ఆదివారం కాఫీ దగ్గర పట్టుకున్నారు. "ఏం స్టెల్లాన్, పెళ్ళాం ఉద్యోగానికి పోతుంటే నువ్వు పెట్టెలు మోస్తావట?" అన్నాడు ఒకడు. "మోస్తాను. నా వీపు గట్టిది," అన్నాడట మా ఆయన. "నీ పెళ్ళానికి మూడు పురుళ్ళూ పోసింది ఎవరో ఇంటికెళ్ళి అడుగు." ఆ తరవాత కాఫీ మాత్రమే తాగారట అందరూ.

ఇక మా అమ్మాయి తూవా. పద్నాలుగేళ్ళు. విషయం చెప్పగానే ఫోను తీసి ఏదో వెతికింది. రెండు నిమిషాల్లో దాన్ని నా కంచం పక్కన టపీమని పెట్టింది.

"చదువు."

చదివాను. ఆ ఊరు ఉత్తర ధ్రువ వృత్తానికి పైన ఉంది. అక్కడ మంచుబండి లాగే వాళ్ళ కుక్కలు తప్ప వేరే జాతి కుక్క అడుగుపెట్టకూడదు. జాతులు కలిసిపోతాయని చట్టం. మా రుస్క్ బూడిదరంగు వేటకుక్క. దానికి ఆరేళ్ళు. అరచేతిలో పట్టే రోజుల నుంచీ తూవా పక్కలోనే పడుకుంటుంది.

"పెద్దనాన్న దగ్గర వదుల్తాం. బాగా చూసుకుంటాడు," అన్నాను.

"నన్ను కూడా అక్కడే వదిలెయ్యి. నన్నూ బాగానే చూసుకుంటాడు."

"తూవా, పిచ్చిగా మాట్లాడకు."

"రుస్క్‌ని రానివ్వని ఊరికి నేను రాను. మొయ్యాలంటే మొయ్యండి. నాన్న వీపు గట్టిదేగా!"

మర్నాడు తన పరుపు, దుప్పటి, కుక్క గిన్నె పెరట్లో రొట్టెలు కాల్చే గుడిసెలోకి మార్చేసింది. ఏప్రిల్ మొదటి వారం. చూరు కింద ఇంకా మంచు కుప్పలున్నాయి. పొయ్యి రాజేసుకుని, అక్కడి నుంచే బడికి వెళ్ళి, అక్కడికే తిరిగొచ్చేది. స్టెల్లాన్ గిన్నెలో అన్నం, కూర పట్టుకెళ్ళి గుమ్మంలో పెట్టి వచ్చేవాడు.

"నువ్వే దాన్ని పాడుచేస్తున్నావు," అన్నాను.

"నేనేం చెయ్యలేదు. కాగితం వెనక రాజీనామా రాసిన మనిషి కడుపున పుట్టింది," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. నవ్వొచ్చింది కూడా, కానీ అది చూపించలేదు.

ఈలోగా నా కాగితం రాలేదు. మార్చిలో అడిగాను. "వస్తుంది," అంది అనెలీ. రెండు వారాలాగి అడిగాను. సంతకం పెట్టేవాళ్ళు సెలవులో ఉన్నారంది. ఇంకో వారానికి అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. "హిల్లెవి, ఎండాకాలం సెలవులకి నా దగ్గర మనుషుల్లేరు. ఆగస్టు దాకా ఉండకూడదా? ఆగస్టు అయితే కాగితం ఇబ్బంది ఉండదు."

"లేకపోతే ఉంటుందా?"

"నేనలా అనలేదు."

అనలేదు నిజమే. అలాంటివి ఎవరూ అనరు.

గడువుకి రెండు రోజుల ముందు, బుధవారం, నాకు డ్యూటీ లేదు. పొద్దున్న ఎనిమిదింటికి పెద్దాసుపత్రికి వెళ్ళి, అనెలీ గది ముందు వరండాలో చేపలు పట్టేటప్పుడు వేసుకునే మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒళ్ళో ఊలు అల్లిక, కాళ్ళ దగ్గర కాఫీ ఫ్లాస్కు.

"ఏంటిది?" అంది అనెలీ.

"కాగితం కోసం కూర్చున్నాను."

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"నెలన్నర నుంచీ ఉంది."

ఆ రోజంతా దారినపోయేవాళ్ళు నవ్వి పలకరించి వెళ్ళారు. సాయంత్రం నాలుగింటికి అనెలీ తలుపు తాళం వేసుకుని నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. గురువారం మళ్ళీ వచ్చాను. పదింటికి నా పాత తోటి మంత్రసాని మయ్‌వోర్ డ్యూటీ దిగి ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆమెకి ఇంకో ఏడాదిలో పింఛను. "నన్నేం చేస్తారు, ముందే పింఛనిస్తారా?" అంది. ఆమె ఎవరెవరికి ఫోన్లు చేసిందో తెలీదు గానీ, మధ్యాహ్నానికి మా ఊరి వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు పిల్లల బళ్ళు తోసుకుంటూ వచ్చారు. ముప్పైమంది వస్తారనుకుందట మయ్‌వోర్. ముగ్గురే. వాళ్ళలో ఒకతె యోన్నా.

మొహంలో నవ్వు లేదు. బిడ్డని బండిలోంచి తీసి భుజాన వేసుకుని నా ముందు నిలబడింది.

"నేను నీకు సాయానికి రాలేదు. ఒకటి అడగడానికి వచ్చాను," అంది.

"అడుగు."

"ఆగస్టులో మా చెల్లెలికి కాన్పు. అదే రోడ్డు. నువ్వు గ్రీన్‌లాండ్ వాళ్ళకి పురుళ్ళు పోస్తుంటే దానికెవరు పోస్తారు?"

అల్లిక ఒళ్ళో పెట్టాను. ఆ ప్రశ్న నాకు కొత్తది కాదు. మార్చి నుంచీ రోజూ ఆ నూట ముప్పై కిలోమీటర్లూ నన్ను నేనే అడుగుతున్నాను. పైకి మాత్రం ఎవరూ అనలేదు.

"తెలీదు యోన్నా," అన్నాను. "కానీ ఒకటి తెలుసు. నేనిక్కడ ఉన్నన్నాళ్ళూ వాళ్ళు 'హిల్లెవి ఉందిగా' అంటారు. నా కారు డిక్కీలో సంచీని వార్డు కింద జమకట్టేస్తారు. బిడ్డ బతికితే వార్డు అక్కర్లేదంటారు, నాకు హెచ్చరిక రాస్తారు. బిడ్డ బతక్కపోతే నన్ను జైల్లో వేస్తారు. వాళ్ళు మూసిన తలుపుకి నేను గడియలా ఉండను."

"అది నీ లెక్క. మా చెల్లెలి లెక్క వేరు."

"అవును. వేరే."

బిడ్డ ఏడుపు మొదలెట్టాడు. అక్కడే గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టింది. "నువ్వు పోవడం నాకిష్టం లేదు. కానీ ఆ కాగితం నీది. అది ఇచ్చేదాకా నేను లేవను," అంది.

మూడింటికి వరండా చివర గోల వినిపించింది. సెక్యూరిటీ అతను ఎవరితోనో వాదిస్తున్నాడు. చూస్తే మా తూవా. బడి ఎగ్గొట్టి, రుస్క్‌ని తీసుకుని, బస్సెక్కి వచ్చింది.

"ఆసుపత్రిలోకి కుక్కలు రాకూడదు పాపా," అంటున్నాడు అతను.

"దీన్ని ఈ భూమ్మీద ఎక్కడా రానివ్వరా?" అని అరిచింది తూవా. అతను ఏమనాలో తెలీక, బయటి తలుపు పక్కన గొలుసుతో కట్టేసుకోమని, తనే నీళ్ళు తెచ్చి పెట్టాడు.

తూవా వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. "ఇది నీకోసం కాదు. వాళ్ళ మీద ఒళ్ళు మండి వచ్చాను. మన గొడవ మనకి అలాగే ఉంది," అంది.

"సరే," అన్నాను. కాఫీ పోసిచ్చాను. అది కాఫీ తాగుతుందని నాకు అప్పుడే తెలిసింది.

నాలుగుకి పది నిమిషాలుందనగా తలుపు తెరుచుకుంది. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో, పైనుంచి ఏం చెప్పారో నాకు తెలీదు. అనెలీ చేతిలో కాగితం ఉంది. ముద్ర ఉంది. తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందిదాకా చదివాను. కాన్పులు: పదకొండు వందల ఆరు.

"ఒకటి తక్కువుంది," అన్నాను.

"రిజిస్టర్ చూసే వేశారు."

"యోన్నా కొడుకు లేడు ఇందులో."

"అది డ్యూటీలో చేసింది కాదు హిల్లెవి. నీకూ తెలుసు."

"మరి హెచ్చరిక కాగితంలో ఎలా రాశావు? హెచ్చరికలో పుట్టినవాడు సర్టిఫికెట్‌లో పుట్టలేదా?"

యోన్నా లేచి నిలబడింది. బిడ్డని అనెలీ మొహానికి మూరెడు దూరంలో ఎత్తి పట్టుకుంది. "వీడే. కావాలంటే తూకం వేసుకో," అంది.

వాడు అనెలీ కళ్ళద్దాల గొలుసు పట్టుకు లాగాడు. ఆమె దాన్ని విడిపించుకుంటూ, ఆ చిన్న వేళ్ళని ఒక్క క్షణం అలా పట్టుకుని ఉండిపోయింది. తరవాత గోడకి కాగితం ఆనించి, పెన్నుతో ఆరు కొట్టేసి ఏడు చేసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. నాకిచ్చింది. థాంక్స్ చెప్పాలనిపించలేదు, చెప్పలేదు.

ఇంటికెళ్ళే దారిలో తూవా పక్క సీట్లో, రుస్క్ వెనక సీట్లో. అడవి దాటాక నేనే అన్నాను, "గెలిచాం కదా, ఇంకా ఎందుకా మొహం?"

"నువ్వు గెలిచావు."

"నీకేం కావాలి తూవా?"

"ఇప్పుడు అడుగుతున్నావా? వార్డు మూసినప్పుడు, మమ్మల్ని ఒక్క మాట కూడా అడక్కుండా మూశారని మీరు ఊరంతా జెండాలు పట్టుకుని తిరిగారు. నన్ను కూడా తిప్పారు. నువ్వు మాత్రం నన్నడిగావా? బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పావు, అంతే. వాళ్ళు కూడా చెప్పారు, అంతే."

కారు పక్కకి తీసి ఆపాను. ఇన్నేళ్ళ పనిలో, నొప్పులు పడుతున్న ఏ మనిషినీ 'నీకెలా ఉంది' అని అడక్కుండా చెయ్యి వెయ్యలేదు నేను. కన్నకూతురి దగ్గర మర్చిపోయాను.

"తప్పు నాదే," అన్నాను. పద్నాలుగేళ్ళ పిల్లకి ఆ మాట చెప్పడం పైవాళ్ళతో పోట్లాడటం కన్నా కష్టంగా ఉంది. అది కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే కాగితం స్కాన్ చేసి కోపెన్‌హాగెన్‌కి మెయిల్లో పంపేసి పిపాలుక్‌కి ఫోన్ చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు కుక్క ఉంది, కుక్కకి ఒక అమ్మాయి ఉంది, ఆ అమ్మాయి లేకుండా నేను రాను అని. తిడుతుందనుకున్నాను.

"దక్షిణాన గొర్రెలు కాసే వైపు ఇంకో ఊరుంది. అక్కడ ఆ చట్టం లేదు, ఏ కుక్కయినా రావచ్చు. కానీ చిన్న వార్డు. ఆగస్టు సగం దాకా ఖాళీ లేదు. జీతం కూడా కొంచెం తక్కువ," అంది.

ఆ సాయంత్రం ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఈసారి చెప్పలేదు, అడిగాను. తూవా చాలా బేరమాడింది. ఏడాదికి ఒప్పుకుంటుందట. ఏడాది తరవాత ఉండాలో రావాలో తన ఓటు కూడా ఒక ఓటేనట, సగం ఓటు కాదట. స్టెల్లాన్ అరగంట ఆలోచించి, "నేనూ ఆ పిల్ల వైపే," అన్నాడు. ఒకటికి రెండు ఓట్లతో నేను ఓడిపోయాను. ఆ రాత్రి పరుపు గుడిసెలోంచి ఇంట్లోకి వచ్చింది.

ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చిందని తెలిసి అనెలీ మళ్ళీ ఫోన్ చేసింది. జూన్, జూలై పనిచెయ్యమంది. చెయ్యనన్నాను. ఆ రెండు నెలలూ తూవా ఖాళీ చేసిన గుడిసెలో బెంచీలు వేసి, మంగళవారాలు కాన్పు దగ్గరపడ్డ ఆడవాళ్ళకీ వాళ్ళ మొగుళ్ళకీ పాఠాలు చెప్పాను, మయ్‌వోర్ కూడా వచ్చేది. రోడ్డు మీద నొప్పులొస్తే ఏం చెయ్యాలి, బొడ్డుతాడు మెడకి చుట్టుకుంటే ఎలా తప్పించాలి, బిడ్డని ఎలా వెచ్చగా ఉంచాలి. దుంగల లారీలు నడిపే మొగాళ్ళు పసిబిడ్డ బొమ్మని పట్టుకుని చెమటలు కక్కేవాళ్ళు. 'అనుమతి లేని శిక్షణ' అని పెద్దాసుపత్రి ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది.

యోన్నా చెల్లెలూ వచ్చింది రెండు వారాలు. చివరికి ఆమె భర్త ఆ రోడ్డుని నమ్మలేదు. ఐదు రోజుల ముందే తీరానికి వెళ్ళి హోటల్లో దిగారు. బిడ్డ పెద్దాసుపత్రిలో పద్ధతిగా మంచం మీద పుట్టింది. సంతోషమే. ఐదు రోజులు హోటలు పెట్టుకోలేనివాళ్ళకి వెనక సీటు ఎలాగూ ఉంది.

ఆగస్టు పదహారున బయల్దేరాం. కోపెన్‌హాగెన్‌లో విమానం మారేచోట రుస్క్ బోనులోంచి చేసిన గోలకి సగం విమానాశ్రయం మావైపు తిరిగింది. ఇక్కడికి వచ్చి రెండు నెలలైంది. స్టెల్లాన్ చర్చి కప్పు బాగుచేస్తున్నాడు, ఒక్క చెక్క ముక్క కూడా పారెయ్యనివ్వడని అప్పుడే పేరొచ్చింది. తూవా పొగమంచుని తిడుతుంది, డేనిష్ లెక్కల పుస్తకాన్ని తిడుతుంది, కొత్త స్నేహితురాలు ఫోన్ చేస్తే బోటెక్కి పోతుంది. రుస్క్ గొర్రెల్ని చూసి మొదట మొరిగింది, అవి కదలకపోయేసరికి దానికే సిగ్గేసింది.

కిందటి వారం అనెలీ ఫోన్ చేసింది. గొంతు బాగా అలిసిపోయినట్టుంది.

"మూడు వారాలు రాగలవా హిల్లెవి? క్రిస్మస్ ముందు. ముగ్గురు మానేశారు. ఎంత కావాలంటే అంత ఇస్తాం. విమానం టికెట్ కూడా మేమే కొంటాం."

"హోల్మ్‌ఫోర్స్ వార్డు తెరవండి," అన్నాను. "రెండో అంతస్తు, ఐదు మంచాలు. తెరిచిన రోజు చెప్పు. టికెట్ నేనే కొనుక్కుని వస్తాను."

"అది నా చేతుల్లో లేదని నీకు తెలుసు."

"అయితే ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళకి నా నంబరివ్వు."

"యోన్నా కొడుక్కి పళ్ళు వస్తున్నాయట, మయ్‌వోర్ చెప్పింది," అంది అనెలీ, మెల్లగా. "అవునా," అన్నాను. వార్డు లోపలి గదిలోంచి నన్ను పిలుస్తున్నారు. గొర్రెలు కాసే కుటుంబంలో పిల్ల, పంతొమ్మిదేళ్ళు, తొలి కాన్పు, పొద్దున్నే బోటులో వచ్చింది. ఫోను పెట్టేసి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వెళ్ళాను.